కుడిపక్క నొప్పి

“గ్యాసే అయ్యుంటుందిలే,” అన్నాడు భర్త, పేపర్లోంచి తలెత్తకుండానే. ఆమె బొడ్డుకి కుడిపక్కన ఒక చెయ్యి అదిమి పట్టుకుని, రెండో చేత్తో పొంగుతున్న పాలు దించుతోంది. “ఆడవాళ్ళకి కడుపునొప్పి కూడా ఓ జబ్బేనా!” అంటూ అత్తగారు లోపలి గదిలోంచి తీర్పు చెప్పేసింది. పెద్దలిద్దరూ ఏకగ్రీవంగా తేల్చేశాక నొప్పి మాట ఎవరు వింటారు? ఆమె ఓ బిళ్ళ మింగి, భర్తకీ తనకీ బాక్సులు సర్ది, పనికి బయల్దేరింది.

ఆమె డ్రైవింగ్ స్కూల్లో టీచరు. నేర్చుకునేవాళ్ళ పక్కసీట్లో కూర్చుంటుంది. ఆమె కాళ్ళ దగ్గర కూడా ఓ బ్రేకు ఉంటుంది. అందుకే అందరూ ‘బ్రేకు మేడం’ అంటారు. “రోజంతా కూర్చునే ఉద్యోగానికి అలసటేంటి?” అని భర్తకి భలే ఆశ్చర్యం. మొదటిరోజు స్టీరింగు పట్టుకున్నవాళ్ళ పక్కన ఆయన ఒక్క పూట కూర్చుంటే, మర్నాడు మంచం దిగడు.

ఆరోరోజు నొప్పి కాస్త సర్దుకుంది. గండం గడిచిందనుకుంది. కానీ రెండ్రోజుల్లో పళ్ళు టకటకలాడేంత చలి, జ్వరం. వచ్చి పోతోంది. పోయినప్పుడల్లా లేచి అంట్లు తోముకుంది.

పదకొండోరోజు ఆమె పక్కన స్టీరింగు ముందు కూర్చున్నది ఓ రిటైరైన నర్సు. అరవయ్యేళ్ళ మనిషి. ఎదురుగా సైకిలొస్తే కళ్ళు మూసుకునే రకం.

“మేడం, బ్రేకు ఎడంకాలితో తొక్కుతున్నారేంటి?”

“కుడికాలు ఎత్తితే కడుపులో పీకేస్తోంది నర్సమ్మా. మీరు రోడ్డు చూడండి.”

నర్సమ్మ రోడ్డు చూడలేదు. బండి పక్కకి ఆపి, ఆమె కంటిరెప్ప కిందకి లాగి చూసింది. తెల్లగుడ్డు పచ్చబడింది. నుదురు కాలిపోతోంది.

“పెద్దాసుపత్రికి ఎటు తిరగాలి?”

“మీకింకా మూడో గేరు రాదు!”

“రెండోది వచ్చుగా. దాంతోనే పోదాం.”

అలాగే వెళ్ళారు. వెనక ఊరంతా హారన్లు. సైకిలుకి జడిసే నర్సమ్మ తల బయటపెట్టి లారీ డ్రైవర్ని కడిగేసింది. అంత చలిజ్వరంలోనూ ఆమెకి నవ్వు ఆగలేదు.

స్కాన్ అయ్యేసరికి భర్త వచ్చాడు. డాక్టరమ్మ అడిగింది: “నొప్పి ఎన్నాళ్ళ నుంచి?”

“రెండ్రోజుల్నుంచండీ,” అన్నాడాయన.

“పదకొండు రోజులు,” అంది ఆమె.

“నాకు చెప్పలేదే!”

“మొదటిరోజే చెప్పాను. గ్యాసన్నారు.”

డాక్టరమ్మ ఆయనకేసి ఓ చూపు చూసి, పదకొండు అని రాసుకుంది. అపెండిక్సు చీముపట్టి పగిలింది. పేగుల్లోంచి లివర్‌కి రక్తం తీసుకెళ్ళే పెద్ద సిరలోకి ఆ విషం పాకి, అక్కడ రక్తం గడ్డకట్టింది. “ఆ గడ్డకీ ఇన్ఫెక్షనే. ఇంకో రెండ్రోజులు ఆగుంటే లివర్లో చీముగడ్డలు లేచేవి, ప్రాణం మీదకొచ్చేది,” అంది. చీము తీశారు, సెలైన్లో మందులెక్కించారు, రక్తం పలచబడేందుకు సూదులిచ్చారు. మూడు వారాలు ఆసుపత్రి నుంచి కదలడానికి వీల్లేదన్నారు.

రోజూ పొద్దున్నే ఎవరో ఒకరు వచ్చి “నిద్ర బాగా పట్టిందా?” అని అడిగేవారు. ఆ ప్రశ్న వెనకాల ఏ పని చెబుతారోనని మొదట్లో అనుమానపడింది. ఏమీ చెప్పకుండానే వెళ్ళిపోయేవారు! వేడివేడి టీ మంచం దగ్గరికొచ్చేది. నేలమీద ఏదో ఒలికితే అది ఆమె పని కాదు. ఈ వైభోగం కోసం చావు అంచుదాకా రావాల్సొచ్చిందే అని నవ్వుకుంది, నవ్వు మధ్యలో ఒళ్ళు మండింది. ఇంట్లో తన మాటలన్నీ ‘నా’తో ముగుస్తాయని అప్పుడే తట్టింది. వండనా, పడుకోనా, డాక్టరు దగ్గరికి వెళ్ళనా. బండెక్కితే మాత్రం “ఆపండి, తిప్పండి, వెనక్కి తియ్యండి” అని కలెక్టర్లనైనా గదమాయిస్తుంది. తన కడుపు గురించి చెప్పడానికి ఆ గొంతు ఏమైపోయింది? గుమ్మం దగ్గర చెప్పులతోపాటు విడిచేసి లోపలికొచ్చేదా? తెలిసేసరికి సిగ్గేసింది. తర్వాత తేలిగ్గా అనిపించింది.

మూడోవారం ఒక సెలవురోజు మధ్యాహ్నం అత్తగారు ఒక్కతే వచ్చింది. స్టూలు మీద కూర్చుని, చీరకొంగు నాలుగుసార్లు సర్దుకుంది.

“ఏమే, నాక్కూడా కుడిపక్కే. తిన్నప్పుడల్లా డొక్క కింద పొడుస్తుంది.”

“ఎన్నాళ్ళయింది అత్తయ్యా?”

“రెండేళ్ళు.”

“మరి చెప్పలేదేం?”

“మీ మామయ్య ఉన్నప్పుడు ఏదో నొప్పని చెబితే వారంపాటు నవ్వాడు. అప్పట్నుంచి మానేశాను.” ఓసారి తల దించుకుని, “నువ్వు చెప్పినప్పుడు నేనూ అలాగే అన్నాను,” అంది.

ఆమె నాలుక చివరిదాకా అత్తగారి పాత మాటే వచ్చింది. అది అనాలని ఎంతో ముచ్చటగా ఉంది. మింగేసి మంచం దిగింది. ఒక చేత్తో సెలైన్ స్టాండు తోసుకుంటూ, రెండో చేత్తో అత్తగారి చెయ్యి పట్టుకుని, వరండా చివర డాక్టరమ్మ గదికి నడిచింది. అత్తగారు “ఎందుకే, వాడేమంటాడో” అంటూనే గబగబా అడుగులేసింది.

స్కాన్ గది బయట కూర్చోగానే ఫోన్ మోగింది.

“అమ్మ నీ దగ్గరికొచ్చిందా? రెండయింది, వంట చెయ్యలేదు. నేనేం తినాలి?”

“అత్తయ్యకి స్కాన్ తీస్తున్నారు, సాయంత్రం దాకా పడుతుంది,” అంది ఆమె, బండిలో మాట్లాడే గొంతుతో. “మీరు వండుకుని తిని, మా ఇద్దరికీ క్యారియర్ తీసుకురండి.”