ఆరని చీర

గోదావరి పొంగి అయిదు రోజులైంది. సారపాక దగ్గర ఒక బడిలో పెట్టిన శిబిరంలో సుబ్బరత్నం పొద్దున్నే నాలుగు గుండిగల అన్నం వార్చింది. వరదొచ్చిన నాటి నుంచి అదే ఆమె పని. పెట్టే చెయ్యి పెద్దదే, నోరు అంతకన్నా పెద్దది. గరిటెడు అన్నానికి గరిటెడు తిట్లు కలిపి వడ్డించేది.

"దండోరా వేస్తే వినరు, మైకులో చెప్తే వినరు! ముందే కదిలుంటే ఈ పాట్లుండేవా?"

మునిగిన లంబాడీ తండావాళ్లు తలొంచుకుని పళ్లేలు పట్టేవాళ్లు. ఆకలి మీదున్నవాడికి రోషమెక్కడిది?

మూలగదిలో జమ్లి ఒక్కతే పళ్లెం ముట్టలేదు. నీళ్లలోంచి తీసిన నాటి నుంచి ఆమె చీర కారుతూనే ఉంది. చీర మారిస్తే ఆ చీరా కారింది. రోజుకు మూడు బకెట్లు. ఆడవాళ్లు వంతులేసుకుని పారబోస్తున్నారు. బకెట్టు బకెట్టుకీ మనిషి తగ్గిపోతోంది. డాక్టరు సెలైను ఎక్కిస్తే అదీ కుచ్చెళ్లలోంచి దిగిపోయింది. ఇట్లాగే కారితే ఎల్లుండి దాకా ఉండదని చెప్పి ఆయన వెళ్లిపోయాడు.

సుబ్బరత్నం అన్నం కలిపి పట్టుకెళ్లింది. "అందరూ గుట్టెక్కితే నీ మొగుడొక్కడే ఎందుకు మునిగాడే? చెప్పిన మాట వినక..."

ధార లావైంది.

"అనకమ్మా," అంది పక్కనున్న ఆడపడుచు ద్వాలి. "అందరం గుట్టెక్కినం. ఎడ్లు కట్టేసే ఉన్నయని అప్పుడు యాదికొచ్చింది. పోయి విప్పి రమ్మని వదినె మా రూప్లన్నను పంపింది. పలుపు నాని ముడి బిగుసుకుంది. ఎడ్లు ఒడ్డుకొచ్చినయి. అన్న రాలే. వదినె నీళ్లల్ల దూకితే మేమే బయటికి తీసినం."

"నేనే పంపిన," అంది జమ్లి. అయిదు రోజుల్లో అదే ఆమె మొదటి మాట.

ఎడ్ల కోసం మనిషిని పంపుతారా అని సుబ్బరత్నం నాలుక చివరిదాకా వచ్చింది. ఆగిపోయింది. నీళ్లొస్తున్నాయని కేక వినగానే తను కూడా ముందు గొడ్ల సావిట్లోకే పరుగెత్తింది. తన సావిడి మెరక మీదుంది, అంతే తేడా. అయిదు రోజులుగా తను తిట్టిన తిట్లన్నీ గుర్తొచ్చి ఆమెకు సిగ్గేసింది.

ఆ తడిలోనే జమ్లి పక్కన చతికిలబడింది.

"కట్టేసిన గొడ్డును నీళ్లకొదిలేస్తే తిన్న ముద్ద ఒంటబడుతుందా తల్లీ? నేనైనా మా ఆయన్ని పంపేదాన్నే."

బియ్యం బస్తా మోసుకొస్తున్న ఆమె భర్త వెంకటప్పయ్య గడపలో ఆగాడు. "పంపితే పోయేవాణ్ణే," అన్నాడు.

జమ్లి అప్పుడు ఏడ్చింది. సుబ్బరత్నం భుజం పట్టుకుని, గదులన్నిటికీ వినబడేలా ఏడ్చింది. తర్వాత ఆమె చేతి ముద్ద మూడుసార్లు తిన్నది. సందెవేళకు జమ్లి చీర అంచు ఆరింది.

లేచి నిలబడ్డ సుబ్బరత్నం చీర కారడం మొదలుపెట్టింది. ద్వాలి బకెట్టును ఇటు జరిపింది. ఆ చీరను ఏ ఎండా ఆరబెట్టలేకపోయింది, మనిషి మాత్రం తగ్గలేదు. ఆమె కూడా ఆరెయ్యడం మానేసింది.

మొగుడు పోయిన పదమూడో రోజున జమ్లి ఆ ఎడ్లనే కట్టి, నాగలి మేడి తనే పట్టి, ఒండ్రు నిండిన చేలోకి దిగింది.