భృగువు కొడుకు

పెద్దమేస్త్రికి కోపమంతా కాళ్లలోనే ఉండేది. పలక సరిగ్గా చిత్రిక పట్టలేదని పనివాణ్ణి తన్నేవాడు, అన్నం చల్లారిందని పెళ్లాన్ని తన్నేవాడు. కొడుకు చిన్నమేస్త్రి ఆ తన్నులు తింటూనే ఉలి పట్టడం నేర్చుకున్నాడు.

వాళ్ల వడ్రంగి కొట్టు మేడమీద సంస్కృతం మాస్టారు అద్దెకుండేవారు. ఆయన చిన్నమేస్త్రిని నోరారా "భార్గవా" అని పిలిచేవారు. తనను ముద్దుగా పిలిచే మనిషి ఒక్కడైనా ఉన్నాడని అతను మురిసిపోయేవాడు. ఓ మధ్యాహ్నం ఆయన కుర్చీ కాలు బిగిస్తూ అడిగాడు.

"భార్గవ అంటే ఏంటండీ మాస్టారూ?"

"భృగువు కొడుకని. సంస్కృతంలో తండ్రి పేరులోని మొదటి అచ్చు సాగితే కొడుకు పేరొస్తుంది. 'భృ'లో ఉన్న ఋ సాగి 'ఆర్' అయింది. భృగువు, భార్గవుడు."

"మరి భృగువెవరండీ?"

మాస్టారు నాలిక్కరుచుకున్నారు. "ఓ మహర్షి. కోపమొచ్చి విష్ణుమూర్తి గుండెల మీద తన్నాడు. మీ నాన్నను చూసి... ఏదో సరదాకి అన్నాన్రా."

చిన్నమేస్త్రి మొహం మాడిపోయింది.

"మా అమ్మకి పక్కటెముక విరిగినప్పుడు కూడా సరదాగానే ఉందా అండీ?"

సుత్తి అక్కడే పడేసి మెట్లు దిగాడు. కింద వంటింట్లో తల్లి గోడవారగా ముడుచుకుపోయి ఉంది. తండ్రి తంతున్నాడు.

జుట్టు పట్టుకుని తండ్రిని కొట్టులోకి ఈడ్చాడు. పెద్దమేస్త్రి చేతికందిన బాడిసె విసిరాడు. చిన్నమేస్త్రి చెవి తెగి, రక్తం భుజం మీదికి కారింది. కొడుకు అతణ్ణి రంపపు పొట్టులో పడదోసి గుండెల మీద తన్నాడు. మళ్లీ తన్నాడు. లోపలేదో పటుక్కుమంది. అయినా కాలు ఆగలేదు. తన్నుతుంటే హాయిగా ఉంది. ఆ హాయికే అతనికి ఒళ్లు జలదరించింది.

తల్లి పాక్కుంటూ వచ్చి కొడుకు కాలిని రెండు చేతులా వాటేసుకుంది.

"వదిలెయ్ నాన్నా. ఆయన కాలు నీకొద్దురా."

ఆస్పత్రిలో పోలీసు అడిగాడు, ఎవరు కొట్టారని.

"నేనేనండీ," అంది తల్లి, కొడుకు నోరు విప్పేలోగా.

కట్లతో పడుకున్న పెద్దమేస్త్రికి అరికాలి మంట నెత్తికెక్కింది. "ఇదా? ఇది నన్ను కొట్టడమా! నిచ్చెన మీంచి పడ్డానని రాసుకోండి!" అని అరిచి, ఆ అరుపుకే నొప్పెట్టి మెలికలు తిరిగిపోయాడు.

తల్లీకొడుకులు మళ్లీ ఆ ఇంటి గడప తొక్కలేదు. వేరే వీధిలో ఒంటిగది తీసుకున్నారు. అతనికి చాన్నాళ్లు కంటిమీద కునుకు పడలేదు. తల్లి మాత్రం మొదటి రోజే కాళ్లు బారచాపుకుని, గుర్రుపెట్టి నిద్రపోయింది.