గేటు పాసు రాని కాయ

యార్డు కనబడకముందే వాసన తగిలింది మునీర్‌కు. మైలవరం దారిలో బండి మీద వస్తుంటే ముక్కులోకి దూరిన ఆ మామిడి వాసన ఆకలి పుట్టించేది కాదు. గడ్డి కింద ఉడికి, తొడిమ దగ్గర నీరు కారి, పులిసిపోయిన వాసన. రోడ్డు వారగా ట్రాక్టర్లు ఒకదాని వెనక ఒకటి నిలబడి ఉన్నాయి. వాటికి తగిలించిన ట్రక్కుల కింద పసుప్పచ్చటి చారలు, వాటి నిండా ఈగలు.

ఆ మామిడి యార్డు బసవయ్యది. దాని వెబ్‌సైటు నడిపే ఆఫీసు కూడా ఆయనదే, పటమటలో ఉంది. మునీర్ ఉద్యోగం అక్కడ. రైతు ఫోన్లో సైటు తెరిచి గేటు పాసు తీసుకుంటేనే యార్డు గేటు లేస్తుంది. ఈ వారం ఆ పాసు కొందరికి వస్తోంది, కొందరికి రావడం లేదు. ఆఫీసులో సైటు చూసుకునే సురేష్‌ని అడిగితే, "మనవైపు అంతా క్లీన్‌గా ఉంది భాయ్. వాళ్లవే డొక్కు ఫోన్లు" అన్నాడు. కళ్లారా చూద్దామని మునీర్ బయల్దేరి వచ్చాడు.

గేటుకు దగ్గర్లో ఒక నడివయసు రైతు ట్రక్కు చక్రానికి ఆనుకుని ఫోన్ వంక చూస్తూ కూర్చున్నాడు. పేరు ఎలీషా. తోట తనది కాదు, పూత మీద కౌలుకు పట్టాడు.

"తెల్లారగట్ల కోయించా బాబూ. ఇక్కడికొచ్చేటప్పటికి సొన కూడా ఆరలా. అప్పట్నుంచి ఇదిగో, ఫోన్లో ఈ చక్రం తిరుగుతానే ఉంది."

మునీర్ తన ఫోన్ తీసి అదే సైటు తెరిచాడు. అదే చక్రం తిరిగింది.

ఎలీషా తొంగి చూశాడు. "నీదీ తిరుగుతుందే. మా ఫోన్లకి చదువు రాదన్నారు. నీదాన్ని గూడా బళ్లో వెయ్యలేదా ఏంటి?"

మునీర్‌కు నవ్వు రాలేదు. గేటు దగ్గర కాయ రకం కట్టే లాజరు దగ్గరికి వెళ్లాడు. ముప్పై ఏళ్లుగా కాయని వేలితో నొక్కి రకం చెప్పే మనిషి ఆయన.

"ఆ ఎలీషా కాయ పొద్దున ఎట్లా ఉందండీ?"

"రాయి. మొదటి రకం. పైనా కిందా చూశాను."

"ఇప్పుడు?"

"ఇప్పుడు నన్నడిగితే ఏం లాభం? ఆలస్యం యార్డుదైతే కాయ వచ్చిన పూట ఏ రకమో అదే కట్టాలి. రైతుదైతే గేటు దాటేటప్పుడు ఎట్లా ఉంటే అట్లా. మామిడి బేరంలో ఎప్పట్నుంచో ఉన్న కట్టుబాటు ఇది. యార్డు మనిషి రైతుల ముందు నిలబడి తప్పు మాదని ఒప్పుకుంటే చాలు, కాయితం గూడా అక్కర్లేదు. మీ ఆఫీసోళ్లు మాత్రం ఫోన్లదే తప్పంటున్నారు." లాజరు చెయ్యి తుడుచుకున్నాడు. "ఈ ఎండకి సాయంత్రానికల్లా ఆ ట్రక్కు సగం జ్యూసు ఫ్యాక్టరీకి కూడా పనికిరాదు."

మునీర్ పటమట తిరిగి వచ్చాడు.

ఆ సైటుకు రెండు మిషన్లున్నాయి. ముందు మిషన్ పాసు కావాలని రైతుల ఫోన్ల నుంచి వచ్చే రిక్వెస్టులు అందుకుంటుంది. వెనక మిషన్ పాసులు తయారుచేస్తుంది. ఆ రెంటి మధ్యా అటుదిటు ఇటుదటు చేరవేసే చిన్న ప్రోగ్రాం ఒకటి ఉంటుంది, దాన్ని కనెక్టర్ అంటారు. కాలవకూ చేనుకూ మధ్య తూము లాంటిది. తూము పూడుకుంటే కాలవ నిండుగా పారుతున్నా చేను ఎండుతుంది.

"సైటు బాగుందని ఎట్లా చూశావు సురేషూ?"

సురేష్ తెరిచి చూపించాడు. క్షణంలో వచ్చింది పాసు పేజీ. మునీర్ దాని అడ్రసు చదివాడు. అది వెనక మిషన్ సొంత అడ్రసు.

"ఇది దొడ్డిదారి కదయ్యా. రైతులొచ్చేది వీధి గుమ్మంలోంచి. నువ్వసలు కనెక్టర్ని తొక్కనే లేదు."

"నాకు ముందున్నాయన ఇట్లాగే నేర్పాడు భాయ్."

"మరి రైతులు ఫోన్ చేసి మొత్తుకున్నప్పుడు?"

"రీస్టార్ట్ కొడతా. కాసేపు బాగానే పోతుంది."

రీస్టార్ట్ కొట్టిన ప్రతిసారీ అప్పటిదాకా వరసలో ఉన్నవాళ్లంతా రాలిపోతారు. మళ్లీ మొదట్నుంచి. ఆ సంగతి సురేష్‌కు తెలుసో తెలియదో మునీర్ అడగలేదు. అడిగితే వచ్చే జవాబు వినడానికి కూడా అసహ్యం వేసింది.

కనెక్టర్ తను చేసిన పనులు రాసుకునే చిట్టా, లాగ్, తెరిచాడు. వారం నుంచి ఎవరూ తెరవలేదు దాన్ని. పేజీల కొద్దీ ఒకటే మాట. వెనక్కి పంపాను, జవాబు లేదు, వదిలేశాను. ఈ ఏడుపు మొదలైంది వెనక మిషన్ని నైరుతి గదిలోకి మార్చిన రోజున.

బరువు నైరుతిలో ఉండాలని ఎవరో వాస్తు ఆయన చెబితే బసవయ్య మార్పించాడు. మునీర్ ఆ గదిలోకి వెళ్లాడు. గది మారినందుకు రెండు మిషన్ల మధ్యలో రాకపోకల్ని కాపలా కాసే ఫైర్‌వాల్ పెట్టె ఒకటి కొత్తగా పెట్టారు. దానికి మూడు కుంకుమ బొట్లు, మీద ఎండిన బంతిపూలు, గాలి ఆడే కంతల నిండా కర్పూరం మసి. పూజ చేసినవాళ్లు దాని సెట్టింగు మాత్రం చూడలేదు. కాసేపు మాటల్లేకుండా ఉన్న లైనుని ఆ పెట్టె చప్పుడు చేయకుండా తెంపేస్తోంది. తెగిందని కనెక్టర్‌కు తెలియదు. చచ్చిన లైనులోకి రైతు రిక్వెస్టు పంపి, జవాబు కోసం కూర్చుంటోంది.

మునీర్ కనెక్టర్ ఫైల్లో కొన్ని వరసలు చేర్చాడు. పంపేముందు ప్రతిసారీ అవతలివాడు ఉన్నాడో లేడో పలకరించి చూడమని, ఊరికే ఉన్న లైనుని పెట్టె తెంపకముందే తానే మూసుకోమని. తర్వాత ఆఫీసు వైఫై తీసేసి, లైను చల్లబడేదాకా ఆగి, తన ఫోన్లోంచి వీధి గుమ్మాన వెళ్లాడు. పాసు వచ్చింది. మళ్లీ ఆగి మళ్లీ చూశాడు. వచ్చింది.

సంగతి తెలిసి బసవయ్య తన గదిలోకి పిలిచాడు. ముందు గాజు గిన్నెలో ఫ్రిజ్‌లోంచి తీసిన బంగినపల్లి ముక్కలున్నాయి. ఏసీ చల్లగా ఉంది.

"బాగైందంటగా. రైతుల ఫోన్లు ఇప్పుడు బాగయ్యాయని వాళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టు మునీరూ. కంప్యూటర్ మనిషివి, నువ్వంటే నమ్ముతారు."

"ఫోన్లు కాదండీ. మనం గది మార్చాం, పెట్టె పెట్టాం. తప్పు మనది."

"తెలుసులేవయ్యా. మనదంటే కుళ్లిన కాయకి మొదటి రకం కట్టాలి. ఆ కాయ నువ్వు తింటావా, నేను తింటానా?" పుల్లతో ఒక ముక్క గుచ్చి నోట్లో పెట్టుకున్నాడు. రసం గడ్డం మీదకు కారింది. మెల్లగా తుడుచుకున్నాడు. "తిను, ఒక ముక్క తీసుకో. తోట కాయ."

మునీర్ గిన్నె పక్కకి జరిపాడు. "వద్దండీ" అని బయటికి వచ్చేశాడు.

అతను యార్డు చేరేసరికి ఎలీషా ట్రాక్టరు గేటులో ఉంది. పాసు వచ్చింది. లాజరు మోచేతి దాకా చెయ్యి గడ్డిలోకి పెట్టి అడుగు కాయ తీశాడు. వేలు ఆనించగానే తోలు చిట్లింది. ఎలీషా అటు చూడడం లేదు, ట్రాక్టరు బోనెట్ వంక చూస్తున్నాడు.

"రసం రకం. జ్యూసు ఫ్యాక్టరీకే" అన్నాడు లాజరు.

"ఆగండి లాజరు గారూ" అన్నాడు మునీర్. "ఆలస్యం యార్డుది. మిషన్ గది మార్చి, లైను సంగతి చూసుకోలేదు మేము. వీళ్ల ఫోన్లకేం కాలేదు."

చుట్టూ ఉన్న రైతులు దగ్గరికి వచ్చారు. లాజరు జేబులోంచి ఫోన్ తీశాడు.

"ఈ మాట అయ్యగారు వింటుండగా అంటావా?"

"అంటాను."

లాజరు ఫోన్ కలిపి స్పీకర్ పెట్టి పట్టుకున్నాడు. మునీర్ అదే మాట మళ్లీ చెప్పాడు, కుంకుమ బొట్ల పెట్టె సంగతితో సహా. ఒక ముసలి రైతు ముసిముసిగా నవ్వాడు. అవతల ఏసీ హోరు వినిపించింది. దాని మీదుగా బసవయ్య గొంతు వచ్చింది.

"రేపట్నించి నువ్వు ఆఫీసుకి రానక్కర్లేదు."

"మంచిదండీ."

లాజరు ఫోన్ జేబులో వేసుకున్నాడు. చేతిలో చిట్లిన కాయని గేటు అవతలికి విసిరేశాడు. "ఎలీషా. మొదటి రకం. లోపలికి పోనియ్."

ఎలీషా ట్రాక్టరు ఎక్కి కూర్చుని, కిందికి వంగాడు. "వెనకాల రత్తయ్యది గూడా పొద్దున్నే వచ్చిన కాయ బాబూ. ఆయనకి చెవుడు. కాస్త గట్టిగా చెప్పాలి."

మునీర్ రెండో ట్రాక్టరు వైపు నడిచాడు.