మార్చుకున్న వాగ్దానాలు

నవంబరు మొదటి శనివారం సాయంత్రం సువార్తమ్మ మా వీధి అరుగు మీద కూర్చుని, కొంగుముడి విప్పి, రెండు అట్టముక్కలు నా ముందు పెట్టింది. ఒకటి కొత్తగా ఉంది. రెండోది వానలో తడిసి ఆరినట్టు ఉబ్బిపోయింది.

గన్నవరం కాలవగట్టు మీద ఆమెది మా పక్కిల్లే. భర్త వీర్రాజు కొబ్బరి దింపు తీసేవాడు. ఆగస్టులో ఒకరోజు వాన వెలిసిన గంటకే చెట్టెక్కి, కాలు జారి పడి చనిపోయాడు. నేను భౌతికశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి. దేవుణ్ణి నమ్మనన్న సంగతి ఊరందరికీ తెలుసు. అందుకే ఆమె రావడం నాకు వింతగా తోచింది.

"ఇవి వాగ్దానాలండీ మాస్టారూ. జనవరి ఒకటిన మా చర్చిలో పళ్ళెంలో పెట్టి తలా ఒకటి తీసుకోమంటారు. ఎవరికే వాక్యం వస్తే, ఆ ఏడాదికి దేవుడు వాళ్ళకిచ్చిన మాట అది."

కొత్త అట్ట మీద దీర్ఘాయువు ఇస్తానన్న వాక్యం ఉంది. తడిసినదాని మీద, నీ కన్నీళ్ళు చూశానన్నది.

"ఆయుష్షుది ఆయనకొచ్చింది. కన్నీళ్ళది నాకు. అప్పటికి నా రొమ్ములో గడ్డుందని స్కానింగుకి రాసేరు. నేను ఏడుస్తుంటే చర్చి మెట్ల మీదే తన అట్ట నా చేతిలో పెట్టేసి, నాది లాక్కున్నారు. 'నువ్వు పోతే నాకు చారెవరు పెడతారే' అని నవ్వేరు."

"స్కానింగులో ఏం తేలింది?"

"ఉత్తి కొవ్వు గడ్డన్నారండీ. ఇంటికొచ్చేక ఆయనది ఆయనకి తిరిగిచ్చేద్దామనుకున్నాను. ఇవ్వలేదండీ. ఆయన అడగలేదు కదాని ఉంచేసుకున్నాను. పడిపోయిన నాడు ఈ కన్నీళ్ళ అట్ట ఆయన చొక్కా జేబులో ఉంది."

వాళ్ళ చర్చిలో ప్రతి నెలా మొదటి ఆదివారం బల్ల ఆరాధన జరుగుతుంది. రొట్టె, ద్రాక్షరసం ఇస్తారు. మనసులో దోషం ఉంచుకుని వాటిని ముట్టుకోకూడదు. రెండు నెలలుగా ఆమె బల్ల దగ్గరికి వెళ్ళకుండా వెనక బెంచీలో తలవంచుకుని కూర్చుంటోంది. రేపు మూడోసారి.

"పాస్టరు గారినే అడగలేకపోయావా?"

"ఆయన ఓదారుస్తారండీ. ఓదార్చడం ఆయన పని. మీరు ఓదార్చరు కదా, అందుకే వచ్చేను. ఆయన ఆయుష్షు నేను తినేసేనా, చెప్పండి."

జవాబు తేలికే. ఇలాంటి అట్టలు ప్రెస్సులో కట్టలుగా అచ్చవుతాయనీ, పళ్ళెంలో చేతికి ఏది తగిలితే అదే వస్తుందనీ చెప్పాను. "మీరు మార్చుకున్నా మార్చుకోకపోయినా ఆ రోజు మాను తడిసే ఉంది. తడి మాను మీద అరికాలికి పట్టుండదు. అతను పడింది అందుకు. నీ వల్ల కాదు."

ఆమె తడిసిన అట్ట మీద వేలు పెట్టింది.

"మరి ఇదండీ? ముందు నాకే వచ్చింది. ఆయనతో వెళ్ళి మళ్ళీ నా దగ్గరికే వచ్చింది. గుండె మీద పెట్టుకుంటేగానీ నాకు కన్ను మూతపడదు. ఇదీ చేతికి తగిలిందేనా?"

ఒకదాన్ని కొట్టేసి రెండోదాన్ని నిలబెట్టే తర్కం నా దగ్గర లేదు.

"చెట్టు సంగతి నాకు తెలుసమ్మా. అది నాకు తెలీదు."

"మాస్టారండీ, మీరూ ఓదార్చేస్తున్నారు."

మూడేళ్ళ క్రితం ఆసుపత్రి మంచం మీద నా భార్య భవానీదేవి, "మళ్ళీ ఎక్కడైనా కలుస్తామంటారా?" అని అడిగింది. "కలవం" అని చెప్పాను. ఆమెకు ఎన్నడూ అబద్ధం చెప్పలేదన్న గర్వం ఆ జవాబులో కొంత ఉంది. మర్నాడు ఆమె పోయింది. కర్మకాండ వద్దన్నాను గనుక, వచ్చినవాళ్ళు చెయ్యడానికి పనేమీ కనపడక సాయంత్రానికే వెళ్ళిపోయారు. వీర్రాజు పోయినప్పుడు మాత్రం పక్కింట్లో నెల్లాళ్ళు ఎవరో ఒకరు వచ్చి పాడుతూనే ఉన్నారు. గోడకి ఇవతల కూర్చుని విన్నాను.

"అదీ అట్టేనమ్మా," అన్నాను చివరికి. "రెండూ ఒకే కట్టలోవి."

ఏడుస్తుందనుకున్నాను. "ఆయ్," అంది. ఆయుష్షు అట్టను తీసుకుని రెండుగా చింపింది.

"అయితే నేను చేసింది ఆశపడ్డమేనండీ. చంపడం కాదు. ఆశకైతే ప్రభువుని క్షమాపణ అడగ్గలను. మనిషిని చంపి ఏ మొహంతో అడగను?"

"మరి రెండోది?" ఈసారి అడిగింది నేను.

"అట్ట ప్రెస్సులోదే కావొచ్చండీ. మాట ప్రెస్సులో పుట్టలేదు కదా. మా అమ్మకి చదువు రాదు. అట్టల్లేని రోజుల్లోనూ ఆ మాట అనుకునే తెరిపిన పడేది."

ఆ వాదంలో లోపం నాకు కనిపించింది. ఎత్తిచూపలేదు. బదులుగా, ఇంతవరకు ఎవరికీ చెప్పని మాట, భవానీకి నేనిచ్చిన జవాబు, సువార్తమ్మకు చెప్పాను.

"అమ్మగారేమన్నారండీ?"

"నవ్వింది. 'వెళ్ళి చూసొచ్చినట్టే చెప్పేరు' అంది."

సువార్తమ్మ కూడా నవ్వబోయి ఆపుకుంది. "మీరూ ఆవిణ్ణి క్షమాపణ అడగాలండీ మరి."

"వినడానికి ఆమె లేదు కదమ్మా."

ఆమె తడిసిన అట్టను కొంగున ముడేసుకుని లేచింది.

మర్నాడు పొద్దున్న తెల్లచీర కట్టుకుని, గొడుగు వేసుకుని, కాలవని ఏటి మీంచి దాటించే అక్విడక్టు వైపు నడిచి వెళ్ళింది. బల్ల ఆరాధన ఎంతసేపు జరుగుతుందో నాకు తెలియదు. అరుగు మీదే కూర్చున్నాను. పేపరు రెండుసార్లు చదివాను. ఒంటిగంట దాటాక గొడుగు కనిపించింది.

"తీసుకున్నావా?"

"ఆయ్, తీసుకున్నానండీ."

ఇంకేమైనా చెబుతుందేమోనని చూశాను. ఆమె చెప్పవలసింది చెప్పవలసిన చోట చెప్పేసి వచ్చినట్టుంది. తలూపి ఇంట్లోకి వెళ్ళింది. ఎండ అరుగు మీదికి వచ్చింది. కుర్చీ కొంచెం లోపలికి జరుపుకుని, అక్కడే కూర్చున్నాను.