ఇరవై రెండు బోల్టులు

రెండువేల పద్దెనిమిది, మార్చి పద్నాలుగు. ఆ మధ్యాహ్నం పులిసిన మొక్కజొన్న ముద్ద కెంకే, వేయించిన చేప, మిరపకాయ పచ్చడి తిన్నాం. చేతులు కడుక్కొని నా భార్య అఫ్రకోమా పామాయిల్ గింజలు పగలగొట్టే యంత్రం డ్రాయింగ్ పూర్తి చేసింది. కుమాసి నగరంలో, పాత లారీలు విప్పే సువామే పేటలో, మా ఇద్దరిదీ చిన్న డ్రాయింగ్ ఆఫీసు. కంప్యూటర్ మీద ప్రతి బోల్టునూ గీతగీతగా ఆమే గీసేది.

ఆమె పోయి రెండేళ్ళు.

ఈ నెల ఒక కొత్త కొనుగోలుదారు అదే యంత్రం కావాలన్నాడు, విడిభాగాల జాబితాతో సహా. అందుకే యంత్రాల డిజైన్ కోసమే చేసిన సాఫ్ట్‌వేర్‌కు మారాను. అందులో బోల్టు గీయక్కర్లేదు. ఎంచుకుంటే వచ్చి కూర్చుంటుంది, జాబితాలోకీ తనే ఎక్కుతుంది. అఫ్రకోమా బోల్టులు మాత్రం దానికి వట్టి గీతలు. ఒక్కొక్కటే చెరిపాను. ఇరవై రెండు. వాటి చోట పన్నెండు మిల్లీమీటర్లవి పెట్టి, అలవాటు కొద్దీ పాత ఫైలు మీదే సేవ్ చేశాను.

మూడోరోజు ఫిట్టర్ అడొమాకో, నా కొత్త డ్రాయింగ్ చూసి మర కోసిన ఇనుప పలక చంకన పెట్టుకొని వచ్చాడు.

"ఏం బాస్, ఈ బోల్టులు రాజుగారి కోటలో దొరుకుతాయా? మా దగ్గరున్నవన్నీ లారీలకు విప్పినవి, అరంగుళానివి. ఒక్కటీ మర ఎక్కట్లేదు."

"ఆమె అరంగుళమే గీసిందా?"

"మరి? మేడమ్ నా డబ్బాలో చెయ్యి పెట్టి కొలుచుకునేది. ఆ నూనె చేత్తోనే నా వేయించిన అరటిపండు లాక్కునేది." నవ్వబోయి ఆగాడు. "ఆ పాత డ్రాయింగ్ ఇయ్యి, చాలు."

లేదన్నాను. ఎలా పోయిందో కూడా చెప్పాను.

తిడతాడనుకున్నాను. "మేడమ్ డ్రాయింగ్‌తో చేసిన మొదటి యంత్రం మా షెడ్డులోనే ఉంది. కంప్యూటర్ పట్టుకొని రా, ఏ బోల్టు ఎంతో కొలుద్దాం," అన్నాడు.

షెడ్డులో చీకటి పడేదాకా అతను కొలిచి చెబుతుంటే నేను డ్రాయింగ్ సరిదిద్దాను. 'గీసినవారు' అన్న గడిలో సాఫ్ట్‌వేర్ తనంతట తానే నా పేరు వేసింది. చెరిపి అఫ్రకోమా అని కొట్టాను. కొలత ఎక్కడైనా తప్పితే అందరూ ఆమెను అంటారు. మళ్ళీ నా పేరే వేశాను.

"అయిందా బాస్?"

"అయింది."

అతను నా ముఖం చూశాడు. రోజూ దడాలున లాగే షెడ్డు రేకు తలుపును రెండు చేతులా పట్టుకొని, చప్పుడు కాకుండా మూశాడు.