పోటీకి పంపని నవ్వు

మా కొత్తపేటలో కెమెరా ముందు నవ్వేవాళ్ళు ఉండేవారు కాదు. తప్పు వాళ్ళది కాదు, నవ్వకూడదని నేర్పిందే నేను. స్టూడియోకి వచ్చినవాళ్ళు అద్దం ముందు తల దువ్వుకుని, నా పౌడరు డబ్బా సగం ఖాళీ చేసి, చొక్కా గుండీలు గొంతు దాకా బిగించుకుని స్టూలు మీద కూర్చునేవారు. "కదలకండి, నవ్వకండి, ఇటు చూడండి" అనేవాణ్ణి. ఆ మాట వినగానే ఎంత సరదా మనిషైనా పరీక్ష తప్పినవాడిలా అయిపోయేవాడు. పెళ్ళికొడుకుల సంగతి చెప్పక్కర్లేదు. నేను తీసిన పెళ్ళి ఆల్బములు చూస్తే ఎవరూ ఇష్టపడి పెళ్ళికి వచ్చినట్టుండదు.

అలాంటి నా చేతికి 1997లో ఒక కాగితం వచ్చింది. రాజమండ్రిలో నేను ఫిల్ము కొనే షాపాయన ఇచ్చాడు. యూరప్‌లో ఎక్కడో అంతర్జాతీయ ఫోటోల పోటీ. ప్రపంచంలో ఏ మూలనుంచైనా మనిషికొక్క ఫోటో పంపచ్చు. అంశం సంతోషం.

మా ఆవిడ సలోమి బడిపంతులు. ఆ కాగితం తిరగేసి చదివి, "బాగుందండి. తుఫాను వెళ్ళి యేడాదైనా కాలేదు, కొబ్బరిచెట్లు పడ్డవి పడ్డట్టే ఉన్నాయి. వీళ్ళకి సంతోషం కావాలంట" అంది.

ఆమె అన్నదీ నిజమే. ఆ యేడు నేను మనుషుల కన్నా పడిపోయిన చెట్లనే ఎక్కువ ఫోటోలు తీశాను. నష్టపరిహారం దరఖాస్తుకి ఫోటో జత చేయాలని ఎవరో చెప్పారు, రైతులంతా నా స్టూడియో ముందు చేరారు. ఇల్లు కూలినవాళ్ళు, పశువులు పోయినవాళ్ళు, మనుషులే పోయినవాళ్ళు. వాళ్ళలో సంతోషం వెతకడం అంటే సిగ్గుగానే ఉండేది.

అయినా నాకు ఆ పోటీ కావాలి. మా నాన్న పరాయి పొలాల్లో కూలికి వెళ్ళి మమ్మల్ని చదివించాడు. తమ్ముళ్ళిద్దరూ ఉద్యోగస్తులయ్యారు. చర్చిలో నలుగురూ కూడినప్పుడు వాళ్ళని సారు అంటారు, నన్ను పాస్‌పోర్టు సైజు ప్రకాశరావు అంటారు. ఎవరూ వెక్కిరింతగా అనరు, కానీ నాకు గుచ్చుకుంటుంది. పాతికేళ్ళుగా కెమెరా పట్టుకున్నవాడు ఒక్క మంచి ఫోటో తీసి, ఇది నాది అని చెప్పుకోవాలని ఉండదా?

ఓడలరేవు వెళ్ళాను. వల లాగుతున్నవాళ్ళు నన్ను చూడగానే వల వదిలేసి వరసలో నిలబడ్డారు. కాస్త నవ్వండని బతిమాలితే ఒకాయన "ఎందుకండీ?" అని అడిగాడు. వాడపల్లి గుళ్ళో గుండు చేయించుకున్న పిల్లవాడు కేరింతలు కొడుతున్నాడు. నేను కెమెరా తీసేసరికి వాళ్ళమ్మ "ఉండండి" అని మొహం తుడిచి, బుగ్గన చుక్క పెట్టింది. వాడు ఏడుపు అందుకున్నాడు. ఫిల్ములు అయిపోతున్నాయి గాని సంతోషం దొరకడం లేదు.

శ్రావణంలో పార్వతిగారింటి నుంచి కబురొచ్చింది. ఆవిడ భర్త బుచ్చిరాజుగారు తుఫాను రోజు పశువుల్ని విప్పడానికి పాకలోకి వెళ్ళి, చెట్టు మీద పడి పోయారు. భూమి పాసుపుస్తకం ఇప్పుడు ఆవిడ పేరుకి మార్చాలి, ఫోటో కావాలి. యేడాది తిరిగేదాకా ఆవిడ వాకిలి దాటరు కాబట్టి నేనే వెళ్ళాలి. బుచ్చిరాజుగారు నాకు బాగా తెలుసు. పెద్ద కమతం ఉన్న మనిషే అయినా దారిలో ఎవరు కనపడినా ఏదో ఒకటి అని నవ్వించి గాని వదిలేవారు కాదు. వాళ్ళ పెళ్ళి ఫోటోలు తీసిందీ నేనే.

అరుగు గోడకి తెల్లదుప్పటి కట్టి పార్వతిగారిని కూర్చోబెట్టాను. నా జన్మలో మొదటిసారి "నవ్వకండి" అనే అవసరం రాలేదు. ఆ మొహంలో కదలిక లేదు. కూతురు యామిని, అయిదేళ్ళ పిల్ల, తల్లి కొంగు పట్టుకుని కూర్చుంది. లోపల అత్తగారు సుబ్బాయమ్మగారు వంట చేస్తున్న చప్పుడు వినిపిస్తోంది తప్ప ఇంట్లో మాటన్నది లేదు.

వాళ్ళ ఇంటికీ రోడ్డుకీ మధ్య పంటకాలవ ఉంది. దాటడానికి అడ్డంగా ఒక తాటిపట్టె వేసి ఉంటుంది. నన్ను సాగనంపడానికి పార్వతిగారు పిల్లతో వాకిట్లోకి వచ్చి, మొండిగా మిగిలిన కొబ్బరిచెట్టు పక్కన నిలబడ్డారు.

"వెళ్ళొస్తానండి" అన్నాను.

"ఆయ్, మంచిదండి."

మా వైపు ఒకసారి చెబితే సరిపోదు. కాలవ గట్టు మీద ఆగి, "ఎల్లుండి కాపీలు నేనే తెచ్చిస్తానండి" అన్నాను. "ఆయ్" అన్నారు. తాటిపట్టె మధ్యకి వచ్చాక, పోయిన మనిషి ఇల్లు కదా, మర్యాద తక్కువైందేమో అనిపించి, వెనక్కి తిరిగి రెండు చేతులూ జోడించి, "ఉంటానండి మరి" అన్నాను. చేతులు రెండూ నమస్కారానికే పోవడంతో కాళ్ళ సంగతి చూసేవాడు లేకపోయాడు. దబ్బున కాలవలో పడ్డాను.

నీళ్ళు నడుము దాకా ఉన్నాయి. తల నుంచి బురద కారుతోంది, చెవి మీద తూటాకు వేలాడుతోంది. మెడలో కెమెరాని మాత్రం రెండు చేతులా పైకెత్తి పట్టుకున్నాను. పార్వతిగారు కంగారుగా రెండడుగులు ముందుకు వేశారు. నేను అక్కడి నుంచే, ఏమీ జరగనట్టు, "ఏం పర్లేదండి, మీరు లోపలికెళ్ళండి" అన్నాను.

ఆవిడ నవ్వేశారు. ముందు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు గాని ఆగలేదు. కొంగు వదిలేసి, చెట్టు మొండెం పట్టుకుని, తల వెనక్కి వాల్చి కళ్ళ వెంట నీళ్ళు కారేలా నవ్వారు. యామిని తల్లి మొహంలోకి నోరు తెరుచుకుని చూస్తోంది. ఒక్క బొమ్మకి సరిపడా ఫిల్ము మిగిలింది. నొక్కాను.

చీకటిగదిలో కాగితం మీద ఆ మొహం నెమ్మదిగా తేలి వచ్చింది. పాతికేళ్ళ నుంచి వెతుకుతున్నది అదే. పోటీకి కావలసిన పెద్ద సైజులో ఒక్క కాపీ వేసి తాడుకి తగిలించాను. బడి నుంచి వచ్చిన సలోమి దాని ముందు చాలాసేపు నిలబడింది.

"పార్వతిగారు కదండీ? ఇలా నవ్వుతారని నాకు తెలీదు."

"పోటీకి పంపుతాను."

"మంచిది. ఆవిణ్ణి అడిగి పంపండి" అని లోపలికి వెళ్ళిపోయింది. ఆమె మాట ఎప్పుడూ అంతే, చివర మెలిక ఉంటుంది.

చెప్పిన రోజున కాపీలతో పాటు పెద్ద ఫోటో కూడా పట్టుకెళ్ళాను. ఈసారి కాలవ దాటేటప్పుడు ఎవరికీ నమస్కారం పెట్టలేదు. పార్వతిగారు ఫోటో చేతిలోకి తీసుకుని, "నేనేనా అండీ?" అన్నారు. కాసేపటికి దాన్ని ఒళ్ళో బోర్లా పెట్టుకున్నారు. నేను పోటీ సంగతి చెప్పాను.

"వద్దండి. ఇంకా యేడాది తిరగలేదు."

"అది ఎక్కడో పరాయి దేశం అండి. మనవాళ్ళెవరూ చూడరు."

"ఎక్కడ చూపించినా నవ్వింది నేనే కదండీ" అన్నారు. తర్వాత వంటింటి వైపు చూసి గొంతు తగ్గించారు. "ఊరివాళ్ళ మాట నాకు లెక్క లేదు. ఆవిడ కొడుకుని పోగొట్టుకున్నారు. కోడలు ఇలా పగలబడి నవ్విందని చూస్తే ఆవిడ ప్రాణం ఎలా ఉంటుందండీ? ఆ రోజు నుంచి ఆవిడ మొహం చూడలేకపోతున్నాను. మీకు దణ్ణం పెడతాను, ఇది ఎవరికీ చూపించకండి."

పంపనని మాటిచ్చి, ఫోటో వెనక్కి తీసుకుని వచ్చేశాను. మాటైతే ఇచ్చాను గాని నా మనసు ఊరుకుందా? ఫోటోకి సరిపడా అట్టలు కోసి, కవరు తయారుచేసి, మీద పోటీవాళ్ళ చిరునామా కూడా రాసి పెట్టుకున్నాను. అడ్రసు రాసినంత మాత్రాన పంపినట్టా అని సలోమితో వాదించాను. రోజూ ఉదయం కవరు తీసి చూసుకునేవాణ్ణి, మళ్ళీ సొరుగులో పెట్టేవాణ్ణి. ఆ ఫోటో వెళ్తే ఖాయంగా గెలుస్తుందని నాకు తెలుసు. ఆవిడకి తెలిసే దారి లేదనీ తెలుసు.

గడువు దగ్గర పడుతుండగా ఒక రోజు స్టూడియో ముందు రిక్షా ఆగింది. సుబ్బాయమ్మగారు దిగారు. ఇల్లు కదలని మనిషి.

"బాబూ, ఆ రోజు మా కోడల్ని ఫోటో తీసేరు కదా" అన్నారు.

"ఆయ్, పాసుపుస్తకానికండి. ఇచ్చేసేనండి."

"అది కాదు. కాలవలోంచి తీసింది."

లేదందామని నోరు తెరిచాను. సలోమి ఆ పాటికే సొరుగు తెరిచి కవరు తెచ్చి ఆవిడ చేతిలో పెట్టింది. పెద్దావిడ ఫోటో తీసి, కళ్ళజోడు సరిచేసుకుని, వెలుతురుకి తిప్పి చూశారు. కోడల్ని ఏమంటారో, నన్ను ఏమంటారో అని నిలబడిపోయాను.

"మా వాడు దాన్ని రోజూ ఇలాగే నవ్వించేవాడండి" అన్నారు. "సాయంత్రం పొలం నుంచి వచ్చేడంటే కాళ్ళు కడుక్కోకుండానే ఏదో అనేవాడు. ఇది ఇలాగే, ఇల్లంతా వినపడేలా నవ్వేది. ఆడపిల్ల ఆ నవ్వేంటని నేనే ఎన్నిసార్లు కేకలేసేనో. ఆ రోజు అన్నం వారుస్తున్నాను. నవ్వు వినపడింది. గిన్నె అక్కడే వదిలేసి పరిగెత్తుకొచ్చేను బాబూ, వాడొచ్చేడనుకుని."

ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకున్నారు.

"వచ్చి చూస్తే కాలవలో మీరున్నారు."

సలోమి ఆవిడ పక్కన బల్ల మీద కూర్చుని చెయ్యి పట్టుకుంది. కోడలు ఎవరి కోసం భయపడి ఆ ఫోటో దాచమందో, ఆ మనిషే దాని కోసం రిక్షా కట్టించుకుని వచ్చింది.

"పోటీ సంగతి వంటింట్లోంచి విన్నాను, అది మీరూ మా కోడలూ చూసుకోండి. ఇది మాత్రం నాకు కావాలి" అన్నారు. ఇచ్చేశాను. ఖాళీ కవరు నా చేతిలో మిగిలింది. నెగెటివు ఉంది, కావాలంటే ఇంకో కాపీ ఎంతసేపు? వెయ్యలేదు. పంపమని పార్వతిగారు చెప్పాలి, ఆవిడ చెప్పలేదు. గడువు చివరి రోజున ఆ కవరులోనే, పడిన కొబ్బరిచెట్టు మీద ఉయ్యాల ఊగినట్టు ఊగుతున్న పిల్లల ఫోటో పెట్టి పంపాను. కొన్నాళ్ళకి ధన్యవాదాలు చెబుతూ అచ్చు కార్డు వచ్చింది. బహుమతి ఎవరికి వచ్చిందో చూడబుద్ధి కాలేదు.

సంవత్సరీకం వెళ్ళాక అత్తాకోడళ్ళు స్టూడియోకి వచ్చారు, ఇద్దరికీ కలిపి ఒక ఫోటో కావాలని. పార్వతిగారు అప్పుడు చెప్పారు. "ఆ ఫోటో మా అత్తగారు గోడకి కొట్టేసేరండి. వద్దన్నా వినలేదు. మేకు కూడా ఆవిడే కొట్టేరు." ఆగి, "ఆ పోటీ ఇంకా ఉందాండీ? ఇప్పుడు పంపుకోండి" అన్నారు.

"అయిపోయిందండి. వచ్చే యేడు అంశం భయమంట."

"దానికైతే మా అత్తగారిని తీయండి" అన్నారు పార్వతిగారు. సుబ్బాయమ్మగారు కోడల్ని భుజం మీద చరిచారు. ఆ రోజు నేను వాళ్ళకి నవ్వకండని చెప్పలేదు. ఇంకెవరికీ కూడా చెప్పలేదు.

పదిహేనేళ్ళు పోయాయి. చీకటిగది తీసేసి అక్కడ కంప్యూటరు పెట్టాను. సుబ్బాయమ్మగారు పోయారు. యామిని పెళ్ళి కుదిరిందని, ఫోటోలకి నన్నే రమ్మన్నారు. ఇప్పుడు కాలవ మీద సిమెంటు వంతెన ఉంది. మెడలో డిజిటల్ కెమెరా వేసుకుని హుందాగా నడిచి వెళ్ళాను.

హాల్లో గోడ మీద దండ వేసిన బుచ్చిరాజుగారి ఫోటో ఉంది. నేను పెళ్ళిలో తీసిందే. నేను చెప్పినట్టే బిగుసుకుని, నిటారుగా చూస్తున్నారు. దాని పక్కనే, మధ్యలో బెత్తెడు జాగా కూడా వదలకుండా, కాలవలోంచి తీసిన పార్వతిగారి ఫోటో. యామిని వచ్చి నా పక్కన నిలబడింది.

"ఈ రెండూ మా మామ్మే పెట్టిందండి. నాన్నగారు ఏదో అనేసి ఏమీ తెలీనట్టు నిలబడ్డారు, అందుకే అమ్మ అలా నవ్వుతుందీ అని చెప్పేది. చిన్నప్పటి నుంచీ నేను అలాగే చూస్తానండి."

ఆ రోజు అమ్మ కొంగు పట్టుకుని పక్కనే ఉన్న పిల్లకి ఏమీ గుర్తు లేదు. చెబుదామని నోటి దాకా వచ్చింది. నా జీవితంలో తీసిన ఒకే ఒక్క మంచి ఫోటో అమ్మా అది, నవ్వించింది కూడా నేనే అని.

"ఆయ్, అంతేనమ్మా" అన్నాను.

"ఏమనుంటారండీ నాన్నగారు?"

"ఫోటో తీసేవాడెవడో మర్యాద ఎక్కువై కాలవలో పడ్డాడని చెప్పుంటారు."

వంటింట్లో పార్వతిగారు విన్నట్టున్నారు. నవ్వు వినపడింది. అదే నవ్వు, ఇల్లంతా వినపడేలా. కెమెరా మెడలోనే ఉంది. నేను వంటింటి వైపు వెళ్ళలేదు. బుచ్చిరాజుగారు వచ్చారేమోనని వాకిట్లోకి చూశాను.