మూడో ఆట

అనంతపురంలో ఓ ఇంజనీరింగ్ కాలేజీలో రోబోల పోటీ. ఎదుటి రోబోను గీత దాటేలా తోసినవాళ్లే గెలిచినట్టు. ఫైనల్లో నల్లమాడ రైతు కూతురు హేమావతి రోబో, సుదర్శన్ రోబోను ఒక్క ఊపున బయటికి నెట్టేసింది.

"వైరు ఊడింది సార్. టెక్నికల్ ప్రాబ్లం. మల్లా ఆడించండి" అన్నాడు సుదర్శన్.

ఎదుటివాళ్లు ఒప్పుకుంటేనే మళ్లీ ఆట, అది రూలు. జడ్జి తనవైపు చూడగానే, వైరు ఊడితే పాపం అతనేం చేస్తాడనుకుని హేమావతి సరేనంది.

రెండోసారీ ఆమే గెలిచింది. నడుమ కరెంటు పోయిందనీ, చీకట్లో తన రోబోకు గీత కనపడలేదనీ సుదర్శన్ మళ్లీ అడ్డం తిరిగాడు. అతని స్నేహితులు ఈలలు వేశారు.

"మోటారు కాగిపోయిండాది సార్. రవ్వంతసేపు ఆగితే ఆడతా" అంది హేమావతి.

"పెద్దలు ప్రైజులియ్యడానికి కూచోనుండారు. ఆడితే ఇప్పుడే ఆడమ్మా" అన్నాడు జడ్జి.

ఈలలు ఆగడం లేదు. భయపడి పారిపోయిందంటారని ఆడింది. మోటారులోంచి పొగ లేచింది. ఆగిపోయిన రోబోను సుదర్శన్ రోబో మెల్లగా గీత దాటించింది.

"నాదీ టెక్నికల్ ప్రాబ్లమే సార్! ఇంకో మోటారు ఉండాది, మార్చుకుంటా."

"ఏమప్పా, ఒప్పుకుంటావా?" జడ్జి సుదర్శన్‌ను అడిగాడు.

అతను అప్పటికే చొక్కా సర్దుకుంటున్నాడు. "ఎన్నిసార్లు ఆడేది సార్? వద్దు."

హాలంతా నవ్వింది. రూలు రూలేనన్నాడు జడ్జి.

ఫోటోకు రెండో బహుమతి వాళ్లూ నిలబడాలన్నారు. "ఆ కాలిందాన్ని కింద పెట్టమ్మా, బాగుండదు" అన్నాడు ఫోటోగ్రాఫరు. హేమావతి రోబోను కాళ్ల దగ్గర పెట్టుకుంది. చల్లారని మోటారు మడమకు చురుక్కుమంటున్నా, ఫోటో అయ్యేదాకా కదలకుండా నవ్వుతూ నిలబడింది.